ట్రైలర్ స్లైడ్ మొరాయిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

అమెరికాలో వేసవి వచ్చిందంటే డాలస్ నుంచి కొలరాడో కొండలకో, బే ఏరియా నుంచి యోసెమిటీకో క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని బయల్దేరే తెలుగు కుటుంబాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి. కొందరు అద్దెకు తీసుకుంటారు, కొందరు సొంతంగా కొనుక్కుంటారు. మంచం, వంటగట్టు, బాత్రూమ్ ఉన్న బండి మనకు మరీ కొత్తేమీ కాదు. సినిమా షూటింగుల దగ్గర కారవాన్లు చూసినవే. కొత్తగా అనిపించేది స్లైడౌట్. బటన్ నొక్కితే గోడలో ఒక భాగం సోఫాతోనో, డైనింగ్ టేబుల్‌తోనో సహా రెండు మూడు అడుగులు బయటికి జరిగి, ఇరుకు గది కాస్తా హాలంత అవుతుంది. క్యాంప్‌గ్రౌండుల్లో అందరూ దీన్ని ‘స్లైడ్’ అనే అంటారు.

ఈ సుఖానికి ఒక మెలిక ఉంది. స్లైడ్ బయటికి ఉన్నంతసేపూ బండి కదలకూడదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో రోడ్డు మీద బండి వెడల్పు 102 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. ట్రైలర్లు చాలావరకు ఎనిమిది అడుగులకు అటూ ఇటుగా ఉంటాయి. కాబట్టి గది బయటికి రాకపోతే ఆ రాత్రి ఇరుగ్గా గడుస్తుంది, అంతే. లోపలికి రాకపోతే మాత్రం ప్రయాణమే ఆగిపోతుంది. ఆదివారం పొద్దున చెక్‌అవుట్ టైము దగ్గరపడుతుంటే, పిల్లలు కారెక్కి కూర్చుంటే, బటన్‌ను మళ్ళీ మళ్ళీ నొక్కాలనిపిస్తుంది. అసలు నష్టం జరిగేది అక్కడే. ఫ్యూజు పోయిందనో, చెప్పు అడ్డం పడిందనో ఆగిన గదిని బలవంతంగా కదిలించబోయి యంత్రం పళ్ళు విరగ్గొట్టుకోవడం, తీగ తెంపుకోవడం, మోటారు కాల్చుకోవడం చాలాసార్లు జరుగుతుంది. ఒకసారి ఆగితే చెయ్యి తీసేసి, వరసగా చూసుకుంటూ రావాలి. అడ్డం, మట్టం, కరెంటు చూసిన తరవాతే యంత్రం జోలికి వెళ్ళాలి.

ముందు అది ఏ రకమో తెలియాలి

ఇలా లోపల బస చేసే బళ్ళను అమెరికాలో ఆర్వీలంటారు. వాటి తయారీకి ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ ప్రాంతం పెట్టింది పేరు. ట్రైలర్ల మీద రాసివుండే పేర్లు ఎన్నో కనిపిస్తాయి గానీ, వాటిలో స్లైడ్‌ను నడిపే యంత్రాలు తయారుచేసే కంపెనీలు కొన్నే. వాటిలో లిప్పర్ట్ పెద్దది. అందుకే ట్రైలర్‌తో ఇచ్చిన లావుపాటి పుస్తకంలో దొరకని సంగతి, స్లైడ్ యంత్రం తాలూకు చిన్న పుస్తకంలో దొరుకుతుంది. అది తిరగేయాలంటే మీ స్లైడ్ ఏ రకమో తెలిసుండాలి. గదిని పూర్తిగా బయటికి జరిపి బయట నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

గది కింద ట్రైలర్ చట్రంలోంచి రెండు ఇనప చేతులు బయటికొచ్చి, వాటికి పళ్ళుంటే అది రాక్ అండ్ పినియన్. ఒక మోటారు ఒక ఇరుసును తిప్పుతుంది. ఇరుసుకున్న పళ్ళచక్రాలు ఆ రెండు చేతులనూ ఒకేసారి నెడతాయి. పాతకాలపు మోటు ఏర్పాటు, గట్టిది.

గది పక్కగోడల మీద, పైనా కిందా సన్నని అల్యూమినియం పళ్ళపట్టీలు కనిపిస్తే అది ఇన్‌వాల్ రకం. ష్వింటెక్ అన్న పేరుతో ఎక్కువమందికి తెలుసు. దీనికి రెండు మోటార్లు, గదికి ఒక్కో పక్కన ఒక్కోటి. ఆ రెండింటినీ కలుపుతూ ఇరుసేమీ ఉండదు. రెండూ సమంగా తిరుగుతున్నాయా లేదా అని లెక్క చూసేది ఒక చిన్న కంట్రోలర్ పెట్టె.

గది మూలల దగ్గర, పక్కగోడల వెంబడి ఉక్కు తీగలు బిగించి ఉంటే అది కేబుల్ స్లైడ్. ఒకే మోటారు ఒక జట్టు తీగలను లాగితే గది బయటికి, ఇంకో జట్టును లాగితే లోపలికి వస్తుంది. నాలుగోది హైడ్రాలిక్. సామాన్ల అరలో నూనె ట్యాంకు, పంపు, వాటి నుంచి గొట్టాలు కనిపిస్తాయి. పికప్ ట్రక్కు తొట్టిలో తగిలించే పెద్ద పెద్ద ఫిఫ్త్ వీల్ ట్రైలర్లలో ఎక్కువ.

ఈ తేడా తెలియడం ఎందుకంటే, ఒకదానికి మేలు చేసే అలవాటు ఇంకోదానికి చేటు. ఇన్‌వాల్ స్లైడ్ చివరిదాకా వెళ్ళాక కూడా బటన్‌ను మరో మూడు నాలుగు సెకన్లు నొక్కి ఉంచాలి. రెండు మోటార్లూ ఒక లెక్కకు వచ్చేది ఆ కాస్త సమయంలోనే. అదే రాక్ అండ్ పినియన్‌లో గది ఆగిన మరుక్షణం చెయ్యి తీసేయాలి. లేకపోతే ఆ బలమంతా పళ్ళ మీదా, పిన్నుల మీదా పడుతుంది.

అడ్డం, మట్టం

పనిముట్లు అక్కర్లేని తనిఖీ ఇది. ముందు లోపల చూడండి. స్లైడ్ నేల, బండి నేల కలిసే సందులో చెప్పులు, పిల్లల బొమ్మలు, సగం తెరుచుకున్న సొరుగు, తలుపు పూర్తిగా పడని అలమర వంటివి ఇరుక్కుంటాయి. సోఫా వెనక తోసిన బియ్యం డబ్బా పైకి కనపడదు. టార్చిలైటు పట్టుకుని వంగి చూడాలి. కొన్ని ట్రైలర్లలో ప్రయాణంలో గది కదలకుండా అడ్డకర్రలో, గొళ్ళేలో పెడతారు. అవి తీశారో లేదో చూసుకోవాలి.

తరవాత బయట. బయటికి జరపబోయే ముందైతే చెట్టు కొమ్మ, కరెంటు కనెక్షన్ ఇచ్చే స్తంభం, పిక్నిక్ బల్ల గదికి తగులుతాయేమో చూడాలి. లోపలికి లాగబోయే ముందైతే నిచ్చెన వేసుకుని స్లైడ్ పైకప్పు చూడాలి. పైన్ చెట్ల కింద రెండు రోజులున్నా చాలు, కప్పు మీద సూదుల్లాంటి ఆకులు పరుచుకుంటాయి. వాటితోనే లోపలికి లాగితే రబ్బరు పట్టీ కింద నలిగి ఒకచోట ముద్దకడతాయి. ఒక చీపురు దెబ్బతో పోయేదానికి తరవాత సీలు మార్చాల్సి వస్తుంది. కప్పు మీద గుడ్డ పందిరి ఉంటే దాని మీద నిలిచిన నీళ్ళు వంచేయాలి. చలి ప్రాంతాల్లో మంచు గడ్డకట్టి రబ్బరు గోడకు అతుక్కుపోతుంది. అప్పుడు మోటారుతో పెళ్ళగించకుండా ఎండ ఎక్కేదాకా ఆగడమే మంచిది.

ఇక మట్టం. బండి పక్కకు ఒరిగి నిలబడితే స్లైడ్ ఎత్తు ఎక్కాల్సివస్తుంది, లేదా పల్లానికి జారుతుంది. ముందుకో వెనక్కో వాలితే గది చట్రంలో ఐమూలగా పడుతుంది. బల్ల సొరుగును ఒక చివరే పట్టుకు లాగితే ఎలా బిగుసుకుంటుందో ఇదీ అలాగే బిగుసుకుంటుంది. నేల మీద రసమట్టం పెట్టి చూడండి. పక్కవాటు సరిచేయాలంటే చక్రాల కింద పలకలు వేయాలి. మూలల్లో ఉండే సన్నపాటి స్టెబిలైజర్ జాకీలు బండి ఊగకుండా ఆపడానికే గానీ బరువెత్తడానికి కాదు. వాటితో బండిని లేపబోతే చట్రమే మెలిపడి, గది పట్టేసే ప్రమాదం ఉంది. ఇంకో చిన్న సంగతి: కిటికీలు, కప్పు మీది గాలి తూములు అన్నీ బిగించి ఉంటే గది కదిలేటప్పుడు లోపలి గాలి ఎదురు తంతుంది. ఒక కిటికీ తీసి ఉంచితే మోటారుకు కాస్త తేలిక.

మైక్రోవేవ్ వెలిగినంత మాత్రాన

‘కరెంటు ఉంది, మైక్రోవేవ్ పనిచేస్తోంది, స్లైడ్ మాత్రం కదలడంలేదు.’ మెకానిక్కుకు ఫోన్ చేసేవాళ్ళు తరచు చెప్పే మాట ఇది. ట్రైలర్లో రెండు రకాల కరెంటు ఉంటుంది. మైక్రోవేవ్, ఏసీ నడిచేది క్యాంప్‌గ్రౌండ్ స్తంభం నుంచి వచ్చే 120 వోల్టుల మీద. స్లైడ్ మోటారు నడిచేది 12 వోల్టుల మీద. బ్యాటరీ ఇచ్చేది అదే. లోపలి లైట్లదీ ఆ 12 వోల్టులే. ఇదే మనకు పైసా ఖర్చులేని పరీక్ష.

రాత్రిపూట లోపలి లైటు ఒకటి వేసి, దాన్నే చూస్తూ స్లైడ్ బటన్ ఒక్క సెకను నొక్కండి. లైటు ఒక్కసారిగా మసకబారితే కరెంటు మోటారు దాకా వెళ్తోందన్నమాట, కానీ చాలడంలేదు. బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా దాని కొసల దగ్గర తుప్పు పట్టి ఉండాలి. కాదంటే గది ఎక్కడో గట్టిగా పట్టేసి ఉండాలి. లైటు చెక్కుచెదరకుండా వెలుగుతూ, మోటారు కిమ్మనకపోతే కరెంటు దారిలోనే తెగింది. ఫ్యూజు, బ్రేకరు, స్విచ్చి, వైరు, కంట్రోలర్లలో ఒకటి.

మల్టీమీటర్ ఉంటే ఇంకా తేటగా తెలుస్తుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే, ఛార్జింగు తీసేసి కాసేపు వదిలాక 12.6 వోల్టులకు పైన చూపిస్తుంది. 12.2 దగ్గరుంటే సగానికి దిగినట్టు. 12కు వస్తే స్లైడ్ లాగేంత సత్తా లేనట్టే లెక్క. బటన్ నొక్కినప్పుడు ఎంతకు పడిపోతోందన్నది ఇంకా ముఖ్యం. ఖాళీగా ఉన్నప్పుడు 12.5 చూపించి, మోటారు లాగగానే 10 కిందికి పడిపోయే బ్యాటరీ ముసలిదైపోయినట్టు, లేదా కనెక్షన్ వదులైనట్టు. లిథియం బ్యాటరీ తీరు వేరు. చివరిదాకా నిబ్బరంగా ఉండి, ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. దానికి వోల్టులు చూసి లెక్కకట్టలేం. దాని మీటరో, ఫోన్ యాప్‌లో చూపించే శాతమో చూడాలి.

బ్యాటరీ దగ్గరే ఇంకో రెండు చూడాలి. గ్రౌండు వైరు చట్రానికి బిగించిన చోట తుప్పు పట్టిందా? బ్యాటరీ పెట్టె పక్కనే ఉండే చిన్న ఆటోమేటిక్ బ్రేకరు పనిచేస్తోందా? స్లైడ్ ఫ్యూజు సాధారణంగా 30 ఆంపియర్లది. ఎగిరిపోతే అంతే ఆంపియర్లది వేయాలి. 40 వేస్తే గది కదలవచ్చేమో గానీ వైరు కాలే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. బ్యాటరీ డిస్కనెక్ట్ స్విచ్చి ఎవరో ఆపేసి మరిచిపోవడం కూడా అరుదేమీ కాదు.

బ్యాటరీ దిగిపోయిందని తేలితే స్తంభం కరెంటుకు తగిలించి గంటో రెండు గంటలో ఛార్జ్ కానివ్వండి. కరెంటు లేని అడవిలో ఉంటే, లాగే బండి బ్యాటరీ నుంచి ట్రైలర్ బ్యాటరీకి జంపర్ కేబుళ్ళు వేసి, ఇంజిన్ నడుపుతూ ప్రయత్నించవచ్చు. ట్రైలర్‌కు తగిలించే ఏడు పిన్నుల వైరులోనూ ఛార్జింగ్ లైను ఉంటుంది గానీ అది సన్నం. స్లైడ్ మోటారు అడిగేంత కరెంటు దానిగుండా అప్పటికప్పుడు రాదు.

చప్పుడే సాక్షి

కరెంటు బాగుందని తేలాక యంత్రం వంతు. ఒకరు లోపల బటన్ దగ్గర, ఒకరు బయట గది పక్కన నిలబడండి. చెయ్యీ కాలూ గదికి దూరంగా ఉండాలి, పిల్లలు ఇంకా దూరంగా ఉండాలి. బటన్ ఒక్క క్షణం నొక్కి చప్పుడు వినండి.

చప్పుడే లేకపోతే స్విచ్చిని, వైర్లను అనుమానించాలి. స్లైడ్ కింద వేలాడే వైర్లు గదితో పాటు ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. అవి ఒరుసుకుని తెగడమో, ఎలుక కొరకడమో జరగవచ్చు. గది బయటికి వెళ్తుంది, లోపలికి మాత్రం రానంటుందనుకోండి. బటన్ లోపలికి నొక్కినా చప్పుడే లేదు. అప్పుడు మోటారు బాగున్నట్టే. మామూలు మోటారు ఏ వైపు తిరగాలన్నది దానికి కరెంటు ఏ దిక్కు నుంచి అందుతుందన్న దాన్నిబట్టే. ఒక దిక్కు పనిచేసి రెండోది పనిచేయకపోతే తప్పు స్విచ్చిలోనో, రిలేలోనో ఉంటుంది. ఈ ఒక్క ఆలోచన అనవసరంగా మోటారు మార్పించే ఖర్చు తప్పిస్తుంది.

టక్‌మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతే రిలే పడింది గానీ కరెంటు చాలలేదన్నమాట. మళ్ళీ బ్యాటరీ దగ్గరికే వెళ్ళాలి.

మోటారు హాయిగా గిర్రున తిరుగుతూ గది కదలకపోతే మధ్యలో లంకె తెగింది. రాక్ అండ్ పినియన్‌లో మోటారుకూ ఇరుసుకూ మధ్య ఒక చిన్న పిన్ను ఉండవచ్చు. బలం మించితే ముందు అది తెగి, మిగతా యంత్రాన్ని కాపాడేలా పెడతారు. అంతకుముందు ఎవరైనా చేత్తో తిప్పడానికి మోటారు బ్రేకు మీట వదులు చేసి, తిరిగి బిగించడం మరిచిపోయినా ఇలాగే అవుతుంది. ముందు ఆ మీట చూడండి.

కటకటమని పళ్ళు ఒకదాని మీంచి ఒకటి దాటుతున్న చప్పుడు మధ్యలో వస్తే వెంటనే ఆపేయాలి. చివరికి వెళ్ళాక వస్తే కొన్ని యంత్రాల్లో అది రక్షణ క్లచ్ చేసే చప్పుడే. మధ్యలో వస్తే మాత్రం పళ్ళు ఒరుసుకుపోతున్నట్టు. హైడ్రాలిక్‌లో పంపు మూలుగుతూ గది కదలకపోతే నూనె తగ్గి ఉండవచ్చు. ట్యాంకులో నూనె ఎంతుందో గదులన్నీ, జాకీలన్నీ లోపలికి ఉన్నప్పుడే చూడాలి. బయటికి ఉన్నప్పుడు చూసి నింపితే, అవి లోపలికొచ్చేటప్పుడు నూనె పొర్లిపోతుంది. ఒకే పంపు మీద రెండు మూడు గదులుంటే, ఏది తేలిగ్గా కదిలితే అది ముందు కదులుతుంది. రెండోది కదలడంలేదని కంగారుపడి బటన్ వదిలేయకుండా మొదటిది ఆగేదాకా చూడాలి.

ఒక పక్కే కదిలితే

గది ఒక చివర ముందుకొచ్చి, ఇంకో చివర వెనకబడడం అన్నిటికన్నా ప్రమాదకరమైన లక్షణం. ఇక్కడ మాత్రం ‘ఇంకొంచెం నొక్కి చూద్దాం’ పనికిరాదు. రాక్ అండ్ పినియన్‌లో ఒక వైపు చక్రం ఇరుసు మీద జారి ఉంటుంది. కేబుల్ రకంలో ఒక మూల తీగ వదులై లేదా పోగులు తెగి ఉంటుంది. నాలుగు మూలలా తీగలు వేలితో నొక్కి చూస్తే వదులైనది తెలిసిపోతుంది. తీగలు బిగించే నట్లున్నాయి గదా అని ఒక్కదాన్నే బిగిస్తే గది అటువైపు వంకరపోతుంది.

ఇన్‌వాల్‌లో సాధారణంగా జరిగేది రెండు మోటార్ల లెక్క తప్పడం. గదిని సగం తెరిచి ఆపడం, మళ్ళీ మూయడం పదేపదే చేస్తే లెక్క చెదురుతుంది. కంట్రోలర్ మీద ఎర్ర, ఆకుపచ్చ దీపాలు ఎన్నిసార్లు మిణుకుమంటే ఏ లోపమో అక్కడే అంటించిన కాగితం మీద సాధారణంగా ఉంటుంది. ఫోన్‌లో వీడియో తీసుకుంటే మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది. ఆ కంట్రోలర్లలో చాలావాటికి ఒక అత్యవసర పద్ధతి ఉంది. మోడ్ బటన్‌ను ఆరుసార్లు గబగబా నొక్కి, ఏడోసారి నొక్కి పట్టుకుంటే రెండు దీపాలూ మిణుకుమంటాయి. అప్పుడు వదిలేసి గోడ మీది స్విచ్చితో గదిని లోపలికి తేవచ్చు. ఈ పద్ధతిలో కంట్రోలర్ లెక్క చూసుకోదు కాబట్టి ఆ పని మీరే చేయాలి. రెండు పక్కలా ఒక్కో మనిషి ఉండి, ఒక పక్క వెనకబడిందంటే అప్పుడే ఆపించాలి.

చేత్తో లోపలికి తేవడం

ప్రతి స్లైడ్‌కూ మోటారు లేకుండా లోపలికి తెచ్చే దారి ఒకటి ఉంటుంది. రాక్ అండ్ పినియన్‌లో ఇరుసు చివర రెంచి పట్టే మొన ఉంటుంది. మోటారు బ్రేకు మీట వదులు చేసి, ఆ మొనను తిప్పాలి. కేబుల్ రకంలో మోటారు దగ్గరే పిడి తగిలించే చోటు ఉంటుంది. హైడ్రాలిక్‌లో పంపును డ్రిల్లు మిషనుతో తిప్పే వీలుంటుంది. ఏ వాల్వు తెరవాలో పంపు దగ్గరే చూపిస్తారు. ఇన్‌వాల్‌లో చివరి మార్గంగా రెండు మోటార్ల ప్లగ్గులూ కంట్రోలర్ నుంచి పీకి, ఇద్దరు ముగ్గురు రెండు వైపులా సమంగా తోయాలి. గది లోపలికి రాగానే ప్లగ్గులు తిరిగి పెట్టేయాలి, కంట్రోలర్‌కు తగిలించిన మోటారే గదికి బ్రేకు.

ఏది చేసినా మొదలుపెట్టే ముందు స్తంభం కరెంటు తీసేసి, బ్యాటరీ తప్పించాలి, ఇన్‌వాల్ ప్లగ్గులు పీకేటప్పుడు కూడా. మీరు బండి కింద రెంచితో ఉన్నప్పుడు లోపల ఎవరో బటన్ నొక్కితే చెయ్యి పోతుంది. రెంచి తిప్పేటప్పుడు బరువు ఒక్కసారిగా పెరిగితే బలం పెంచకుండా ఆగి, ఎక్కడ తగులుతోందో చూడాలి. గది చట్రంలో ఇరుక్కుపోయినా, తీగ తెగినా, పళ్ళు విరిగినా ఇక మన పని కాదు. క్యాంప్‌గ్రౌండ్‌కే వచ్చి బాగుచేసే మొబైల్ ఆర్వీ టెక్నీషియన్లు ఉంటారు. ఆఫీసులో అడిగితే దగ్గరివాళ్ళ నంబరు ఇస్తారు. చేత్తో లోపలికి తెచ్చిన గదిని బాగుచేయించేదాకా మళ్ళీ తెరవకపోవడం మంచిది.

నీళ్ళు, నేల

కదలని స్లైడ్ ఒక పూట పాడుచేస్తుంది. కారే స్లైడ్ ఏళ్ళ తరబడి బండిని తినేస్తుంది. స్లైడ్ నేల చాలా ట్రైలర్లలో చెక్కపొట్టు అట్టతోనో, ప్లైవుడ్‌తోనో చేస్తారు. దాని బయటి అంచున సీలు పోతే నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బిన నేల కింది రోలర్లకు ఒరుసుకుని గది బరువెక్కుతుంది, ఆ బరువు మోటారు మీద పడుతుంది. అందుకే కారణం లేకుండా స్లైడ్ రానురాను నెమ్మదిస్తుంటే నేల కింద మూలలు వేలితో నొక్కి చూడాలి. మెత్తగా లోపలికి దిగితే కుళ్ళు మొదలైనట్టే.

సీలు పరీక్షకు కాగితం చాలు. గది మూసి ఉన్నప్పుడు రబ్బరుకూ గోడకూ మధ్య కాగితం పెట్టి లాగండి. పట్టుగా వస్తే సరే, జారిపోతే అక్కడ సందు ఉన్నట్టు. గది కదిలేటప్పుడు తుడుచుకుంటూ పోయే రబ్బరు పెదవి కొన్నిసార్లు తప్పు వైపు మడతపడుతుంది. గదిని కొద్దిగా వెనక్కి జరిపితే చాలాసార్లు సరైన వైపు తిరుగుతుంది. రబ్బరుకు గ్రీజు, పెట్రోలియం నూనెలు పూయకూడదు, ఉబ్బి పగులుతుంది. సీళ్ళ కోసం అమ్మే ద్రవమే వాడాలి. పళ్ళపట్టీల మీద కూడా జిడ్డు గ్రీజు వేస్తే దుమ్మంతా దాని మీదే చేరి గరుకు కాగితంలా ఒరుస్తుంది. తుడిచి, ఆరిపోయే రకం స్ప్రే కొట్టడమే మేలు. తయారీదారు ఏమీ వేయవద్దంటే ఏమీ వేయకండి.

బయల్దేరే ముందు

ట్రైలర్ అద్దెకిచ్చేవాళ్ళు తాళాలు ఇచ్చేటప్పుడు స్లైడ్ బటన్ చూపించి సరిపెడతారు. చేత్తో ఎలా తేవాలో కూడా చూపించమని అడగండి. మొన ఎక్కడుంది, ఏ సైజు రెంచి పడుతుంది, కంట్రోలర్ ఏ అరలో ఉంది అన్నవి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఒక మల్టీమీటర్, సరిపడా ఫ్యూజులు నాలుగు, ఆ రెంచి, తల దీపం, చీపురు ఒక సంచిలో పెట్టుకోండి. పాత ట్రైలర్ కొంటున్నవాళ్ళు స్లైడ్‌ను కనీసం రెండుసార్లు పూర్తిగా తెరిపించి మూయించాలి; ఒకసారి స్తంభం కరెంటు మీద, ఒకసారి ఒట్టి బ్యాటరీ మీద. మొదటిసారి బాగానే నడిచి రెండోసారి నీరసిస్తే బ్యాటరీ సంగతి తేల్చుకున్నాకే ధర మాట్లాడాలి. అమ్మేవాళ్ళు రెండోసారి వద్దంటే అదీ ఒక జవాబే.